టేలరా, వైటా, గ్రీనా, లూయిసా, డియానా: అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఎవరితో మొదలుపెట్టాలి?

అమెరికా వచ్చిన రెండు మూడేళ్లకు మనలో చాలామందికి ఒక చిన్న ఇబ్బంది మొదలవుతుంది. సోమవారం ఆఫీసులో అందరూ ఆదివారం ఆట గురించి మాట్లాడుకుంటుంటే మనం కాఫీ కప్పు పట్టుకుని ఊరికే నవ్వుతూ నిలబడతాం. ఇంట్లో పిల్లాడు జెర్సీ కొనమంటాడు, ఆ నంబరు ఎవరిదో మనకు తెలియదు. సరే నేర్చుకుందామని టీవీ ముందు కూర్చుంటే ఐదారు సెకన్లు ఆట, అర నిమిషం ఆగడం, మధ్యలో బీమా ప్రకటనలు. కాసేపటికి చెయ్యి రిమోట్ వెతుక్కుంటుంది.

నేను నేర్చుకున్న దారి ఒకటుంది. రూల్స్ పుస్తకంతో కాకుండా, ఒక్క ఆటగాడి కెరీర్‌తో మొదలుపెట్టడం. ఎవరిని అడిగినా క్వార్టర్‌బ్యాక్ పేరే చెబుతారు, ఎందుకంటే బంతి అతని చేతిలో ఉంటుంది, యాడ్స్‌లోనూ అతనే ఉంటాడు. నా సలహా దీనికి తిరగేసి ఉంటుంది. చెడుగుడు చూసి పెరిగిన కళ్లకు డిఫెన్స్ తొందరగా పట్టుబడుతుంది. కూతకు వచ్చినవాణ్ని ఎవరు ఎటునుంచి చుట్టుముడుతున్నారు, కాలు ఎవరు పట్టారు, గొలుసు ఎక్కడ తెగింది అని చూడటం మనకు కొత్తేమీ కాదు.

ఇబ్బందల్లా డిఫెన్స్‌లో ఎవరితో మొదలుపెట్టాలన్నదే. అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 100వ సీజన్ సందర్భంగా 2019లో ప్రకటించిన సర్వకాలిక జట్టులో చోటు దొరికినవాళ్లలోంచి ఐదుగురిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను: లారెన్స్ టేలర్, రెజీ వైట్, జో గ్రీన్, రే లూయిస్, డియాన్ శాండర్స్. అందరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాళ్లే. వీళ్లలో ఎవరు గొప్ప అన్నది తేలే వాదన కాదు. మీకు ఎవరు సరిపోతారన్నది మాత్రం తేల్చుకోవచ్చు.

ముందు రెండు నిమిషాల ఆట

ఆట తెలిసినవాళ్లు ఈ ముక్క దాటేయండి. చెరో 11 మంది. బంతి ఉన్న జట్టుకు (అదే ఆఫెన్స్) 4 ప్రయత్నాలు, వాటిలో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ 4 ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. డిఫెన్స్ మూడు వరుసల్లో ఉంటుంది. ముందు వరుసలో కొండల్లాంటి లైన్‌మెన్ (నడిమధ్యన డిఫెన్సివ్ టాకిల్‌లు, చివర్లలో ఎండ్‌లు), వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు, చివర పాసులు కాచే కార్నర్‌బ్యాక్‌లూ సేఫ్టీలూ. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని పడగొడితే అది శాక్. విసిరిన బంతిని డిఫెన్స్‌వాడే పట్టేస్తే ఇంటర్‌సెప్షన్.

ఇంకొక్క విషయం, ఇది ఈ వ్యాసమంతటికీ అవసరం. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి వెనక్కి తగ్గినప్పుడు ఒళ్లు కుడివైపు తిరుగుతుంది. ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. ఆ గుడ్డివైపున కాపలా ఉండే ఆఫెన్స్‌వాడు లెఫ్ట్ టాకిల్.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే బరువు నేను వేసేది ఒకదానికి: ఇతని వల్ల ఎదుటి జట్లు ఏం మార్చుకున్నాయి? బ్యాట్స్‌మన్ గొప్పతనం స్కోరుబోర్డు మీదే ఉంటుంది. డిఫెండర్ గొప్పతనం అవతలివాళ్ల ప్లానులో ఉంటుంది. వాళ్లు ఎవరిని ఎక్కడ నిలబెట్టారు, ఎటువైపు ఆడటం మానేశారు అన్నది చూస్తే తెలుస్తుంది.

అంకెలు కూడా చూడాలి, కాస్త అనుమానంగా. శాక్‌లను లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1982లో. అంతకుముందు ఆడినవాళ్లకు ఆ గడి ఖాళీ. టేలర్ మొదటి ఏడాది సాధించిన 9.5 శాక్‌లు కూడా అందుకే అతని ఖాతాలో లేవు. కార్నర్‌బ్యాక్ సంగతి ఇంకా విచిత్రం. అతను ఎంత భయపెడితే అటువైపు అన్ని తక్కువ బంతులు వస్తాయి, అంకెలూ అంతే తగ్గుతాయి.

టైటిళ్లకు, అంటే సీజన్ ఆఖరి పోరు సూపర్ బౌల్ గెలుపులకు, నేను తక్కువ బరువు వేస్తాను, అవి జట్టులోని 53 మంది కలిసి గెలిచేవి. కొత్తగా చూసేవాడి కంటికి ఆ ఆటగాడు స్క్రీన్ మీద దొరుకుతాడా అన్నదానికి ఎక్కువే వేస్తాను. చివరగా మైదానం బయటి జీవితం. మీరొక్కరే చూసేట్టయితే అది మీ ఇష్టం. పక్కన పదేళ్ల పిల్లాడు కూర్చుంటే మాత్రం అది లెక్కలోకి వస్తుంది.

| ఆటగాడు | స్థానం | ఆడిన సీజన్లు | చెప్పుకోదగ్గ అంకె | ఏడాది ఉత్తమ డిఫెండర్ | సూపర్ బౌల్ | హాల్ ఆఫ్ ఫేమ్ |
|---|---|---|---|---|---|---|
| లారెన్స్ టేలర్ | అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ | 1981–93 | 132.5 శాక్‌లు | 3 సార్లు | 2 | 1999 |
| రెజీ వైట్ | డిఫెన్సివ్ ఎండ్ | 1985–98, 2000 | 198 శాక్‌లు | 2 సార్లు | 1 | 2006 |
| జో గ్రీన్ | డిఫెన్సివ్ టాకిల్ | 1969–81 | అప్పట్లో లెక్క లేదు | 2 సార్లు | 4 | 1987 |
| రే లూయిస్ | మిడిల్ లైన్‌బ్యాకర్ | 1996–2012 | 41.5 శాక్‌లు, 31 ఇంటర్‌సెప్షన్లు | 2 సార్లు | 2 | 2018 |
| డియాన్ శాండర్స్ | కార్నర్‌బ్యాక్ | 1989–2000, 2004–05 | 53 ఇంటర్‌సెప్షన్లు | 1 సారి | 2 | 2011 |

పట్టిక చూసి శాక్‌ల ప్రకారం వైట్, టైటిళ్ల ప్రకారం గ్రీన్ అని తేల్చేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ అసలు సంగతి ఈ గడుల్లో పట్టలేదు.

లారెన్స్ టేలర్: ఒక ఉద్యోగం విలువ పెంచినవాడు

కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్. 1981 డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌ది. వాళ్లు జార్జ్ రోజర్స్ అనే రన్నింగ్ బ్యాక్‌ను (బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని) తీసుకున్నారు. రెండో అవకాశంలో న్యూయార్క్ జెయింట్స్ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం నుంచి టేలర్‌ను ఎంచుకుంది. పేరుకు న్యూయార్క్ గానీ వాళ్ల స్టేడియం న్యూజెర్సీలో ఉంది. ఎడిసన్, జెర్సీ సిటీల్లో ఉండే మనవాళ్లకు ఇది పక్క ఊరి జట్టు.

అంతకుముందు ఏడాది జెయింట్స్ 4 గెలిచి 12 ఓడింది, 425 పాయింట్లు ఇచ్చుకుంది. టేలర్ వచ్చిన ఏడాది ఇచ్చింది 257. గెలిచింది 9. 1963 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ చూసింది. అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఉత్తమ డిఫెండర్ అవార్డు కొత్త కుర్రాడి చేతికొచ్చింది.

అతను చేసింది ఏమిటంటే, అప్పటిదాకా బయటివైపు లైన్‌బ్యాకర్ ఎక్కువగా నిలబడి చూసి, పరుగు వస్తే అడ్డుకుని, పాస్ వస్తే వెనక్కి తగ్గేవాడు. టేలర్ బంతి కదలగానే క్వార్టర్‌బ్యాక్ మీదికే వెళ్లేవాడు. అదీ ఎక్కువగా గుడ్డివైపు నుంచి. అలా వచ్చేవాణ్ని ఆపే పని అప్పటి పద్ధతిలో రన్నింగ్ బ్యాక్‌ది. ఆరడుగుల మూడంగుళాల మనిషి పరుగున వస్తుంటే అతనికంటే చిన్నవాడు ఎదురు నిలబడాలి. అది కుదరలేదు.

ఇక్కడినుంచి అవతలి కోచ్‌ల పాట్లు మొదలు. 1982 జనవరి ప్లేఆఫ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్, జాన్ ఏయర్స్ అనే గార్డును (క్వార్టర్‌బ్యాక్ ముందు కాపలావాళ్లలో ఒకణ్ని) మధ్య వరుస నుంచి వెనక్కి తీసి టేలర్ మీదకు పంపాడు. శాన్ ఫ్రాన్సిస్కో 38–24తో గెలిచింది. వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్ ఏడాదికి రెండుసార్లు ఇతన్ని ఎదుర్కోవాలి కాబట్టి ఏకంగా ఫార్మేషన్‌నే, అంటే ఆటగాళ్లు నిలబడే తీరునే, మార్చాడు. వెనకున్న ఒక బ్యాక్‌ను తీసేసి అదనంగా ఇంకో టైట్ ఎండ్‌ను (కాపలా వరుస చివర నిలబడేవాణ్ని) పెట్టాడు, ఆ మనిషిని అటూ ఇటూ కదిలించాడు. ఒక్కడి కోసం.

అన్నిటికంటే పెద్ద మార్పు లెఫ్ట్ టాకిల్ దగ్గర వచ్చింది. అప్పటిదాకా అతను ఐదుగురు కాపలావాళ్లలో ఒకడు, పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. టేలర్ తర్వాత పొడుగు చేతులూ చురుకైన కాళ్లూ ఉన్నవాళ్ల కోసం జట్లు వెతుకులాట మొదలుపెట్టాయి. 1991 జనవరి సూపర్ బౌల్‌లో టేలర్‌కు ఎదురు నిలబడిన బఫెలో లెఫ్ట్ టాకిల్ విల్ వుల్ఫర్డ్‌కు రెండేళ్ల తర్వాత ఇండియానాపొలిస్ 3 ఏళ్లకు 7.65 మిలియన్ డాలర్లు ఇచ్చింది. దాంతోపాటు ఆఫెన్స్‌లో అందరికంటే ఎక్కువ జీతం అతనిదే ఉండాలన్న షరతు కూడా రాసిచ్చింది. బంతి ముట్టుకోని మనిషికి! ఇవాళ క్వార్టర్‌బ్యాక్ తర్వాత బాగా జీతం పుచ్చుకునే స్థానాల్లో లెఫ్ట్ టాకిల్ ఒకటి.

1986 అతని శిఖరం. 20.5 శాక్‌లు, జట్టుకు 14 గెలుపులు, డెన్వర్‌ను 39–20తో ఓడించి సూపర్ బౌల్. ఆ ఏడాది లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు టేలరే. డిఫెన్స్‌వాడికి ఆ అవార్డు రావడం 1971లో అలన్ పేజ్ తర్వాత అదే. మళ్లీ రాలేదు.

అతని ఆటలో రెండు చూడమంటాను. ఒకటి 1988 నవంబర్ 27, న్యూ ఆర్లియన్స్‌లో. భుజం దగ్గర ఛాతీ కండరం చిరిగిపోయి, భుజాన్ని పట్టీలతో బిగించుకుని ఆడాడు. 3 శాక్‌లు, 2 సార్లు బంతి వదిలించడం, 13–12 గెలుపు. రెండోది చూడలేకపోతే మానేయండి: 1985 నవంబర్ 18 సోమవారం రాత్రి, వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు అతని కింద విరిగింది. థైస్‌మన్ మళ్లీ ఆడలేదు. కొట్టినవాడే కంగారుగా లేచి చేతులూపుతూ డాక్టర్లను పిలవడం అందులో కనిపిస్తుంది. ఆ కాలు రీప్లే నేను ఒక్కసారే చూశాను, చాలు.

ఇప్పుడు రెండోవైపు. కొకెయిన్ అలవాటు అతన్ని ఆడే రోజుల్లోనే పట్టుకుంది, 1988 సీజన్ మొదటి 4 ఆటలకు సస్పెండ్ అయ్యాడు. రిటైరయ్యాక కూడా అది వదల్లేదు. 2010లో 16 ఏళ్ల అమ్మాయికి సంబంధించిన కేసులో అరెస్టయి, మరుసటి ఏడాది తగ్గించిన నేరాలు ఒప్పుకుని 6 ఏళ్ల ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. లైంగిక నేరస్తుల జాబితాలో పేరు చేరింది. ఆట వేరు మనిషి వేరు అని తేలిగ్గా అనేయొచ్చు. నేను అంత తేలిగ్గా అనలేను. అయినా ఆట అర్థం కావాలంటే ఇతన్ని దాటి వెళ్లడం కుదరదు, అదే చిక్కు.

ఒక న్యాయం కూడా చెప్పాలి. టేలర్ ఒంటరిగా గెలవలేదు. కోచ్ బిల్ పార్సెల్స్, డిఫెన్స్ చూసుకున్న బిల్ బెలిచిక్, పక్కన హ్యారీ కార్సన్ లాంటి లైన్‌బ్యాకర్. వాళ్లు అతన్ని ఎక్కడ కావాలంటే అక్కడ వదిలారు.

రెజీ వైట్: బలం ఒకవైపు, కోర్టు కేసు ఒకవైపు

టేలర్‌ది వేగం అయితే వైట్‌ది బలం. ఆరడుగుల ఐదంగుళాలు, 300 పౌండ్ల దగ్గర. అతనికి పేరు తెచ్చిన ఎత్తుగడ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఎదురున్న ఆఫెన్స్ టాకిల్‌ను బయటివైపు తోసుకుంటూ వెళ్తాడు, టాకిల్ బరువంతా అటు మొగ్గగానే లోపలి చేత్తో చంక కింద ఒక్క విసురు. మూడు వందల పౌండ్ల మనిషి గాల్లోకి లేచి పక్కకు పడతాడు. మొదటిసారి చూసినవాళ్లు కూడా పట్టేయగల ఎత్తుగడ అది. కొత్తవాళ్ల కంటికి దొరకడంలో ఐదుగురిలో ఇతనికి మంచి మార్కులేస్తాను.

ఫిలడెల్ఫియాలో 121 ఆటల్లో 124 శాక్‌లు. సగటున ఆటకు ఒకటికి పైనే, అదీ 8 సీజన్ల పాటు. 1987లో సమ్మె వల్ల అతను ఆడింది 12 ఆటలే, శాక్‌లు 21. గ్రీన్ బేకు వెళ్లాక 1997 జనవరి సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోను 3 సార్లు పడగొట్టాడు. ఆ జట్టు 29 ఏళ్ల తర్వాత గెలిచిన సూపర్ బౌల్ అది. 1998లో, 36 ఏళ్ల వయసులో 16 శాక్‌లతో రెండోసారి ఉత్తమ డిఫెండర్.

వైట్ మార్చింది ఫార్మేషన్‌ను కాదు, మార్కెట్‌ను. ఆ రోజుల్లో కాంట్రాక్టు ముగిసినా ఆటగాడు నచ్చిన జట్టుకు స్వేచ్ఛగా వెళ్లలేడు. ఉద్యోగం మారాలంటే పాత కంపెనీ దయ కావాలి అన్నట్టుండేది, వీసాల మీద బతికినవాళ్లకు ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. లీగ్ మీద వేసిన కేసులో ఆటగాళ్ల తరఫున ముందు నిలిచిన పేరు వైట్‌ది. 1993లో రాజీ కుదిరి స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛతో మొదట సంతకం పెట్టిన పెద్ద పేరూ అతనే: గ్రీన్ బేతో 4 ఏళ్లకు 17 మిలియన్ డాలర్లు. పెద్ద నగరాలు పిలుస్తుంటే లక్ష జనాభా ఉన్న చలి ఊరికి వెళ్లాడు. పైన చెప్పిన వుల్ఫర్డ్ ఒప్పందం కూడా అదే 1993లోది. లెఫ్ట్ టాకిల్‌కు విలువ తెచ్చింది టేలర్ అయితే, ఆ విలువ చేతికందే దారి తెరిచింది వైట్ కేసు. వీళ్లిద్దరినీ కలిపి చదివితేనే ఇవాళ్టి ఆట అర్థమవుతుందని నా లెక్క.

17 ఏళ్లకే చర్చి బోధకుడయ్యాడు కాబట్టి డిఫెన్స్ మంత్రి అన్న అర్థంతో పాటు పాస్టర్ అన్న అర్థం కూడా వచ్చేలా అతన్ని మినిస్టర్ ఆఫ్ డిఫెన్స్ అనేవారు. అయితే 1998లో విస్కాన్సిన్ శాసనసభలో మాట్లాడుతూ స్వలింగ సంపర్కుల గురించీ, ఒక్కో జాతి గురించీ అన్న మాటలు చాలామందిని గాయపరిచాయి. అదీ అతని కథలో భాగమే. 2004 డిసెంబర్ 26న, మన కోస్తాను సునామీ కొట్టిన రోజునే, 43 ఏళ్లకు చనిపోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఆ తర్వాతే వచ్చింది.

జో గ్రీన్: ఓడే జట్టులోకి వచ్చినవాడు

డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో చదివిన, చదువుతున్న తెలుగు పిల్లలు వందల్లో ఉంటారు. వాళ్లలో ఎందరికి తెలుసో గానీ ఈయన వాళ్ల సీనియర్. అక్కడి జట్టు పేరు మీన్ గ్రీన్, అందులోంచే ఇతనికి మీన్ జో అన్న పేరు అతుక్కుంది.

1969లో పిట్స్‌బర్గ్ కొత్త కోచ్ చక్ నోల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు ఇతనిదే. ఆ ఏడాది జట్టు 1 గెలిచి 13 ఓడింది. 1933లో పుట్టిన ఆ జట్టు అప్పటికి ఒక్క టైటిలూ గెలవలేదు. తర్వాత 1974 నుంచి 1979 దాకా ఆరు సీజన్లలో 4 సూపర్ బౌల్‌లు. మొదటిదాంట్లో మిన్నెసోటా నేల మీద పరుగెత్తి సాధించింది మొత్తం 17 గజాలు. 1976లో టైటిల్ రాలేదు గానీ, చివరి 9 ఆటల్లో ఆ డిఫెన్స్ ఇచ్చింది 28 పాయింట్లు, అందులో 5 ఆటల్లో సున్నా.

గ్రీన్ నడిమధ్యలో ఆడతాడు. ఎదుటి వరుస నడుమ బంతి వెనక్కి అందించే సెంటర్‌కూ అతని పక్కనున్న గార్డ్‌కూ మధ్య సందులో నేరుగా కాకుండా ఏటవాలుగా నిలబడటం అతని ప్రత్యేకత. ఇద్దరు అతనికే సరిపోతే వెనకున్న లైన్‌బ్యాకర్లకు దారి ఖాళీ. అంటే అతని పని ఫలితం పక్కవాడి ఖాతాలో పడుతుంది. కొత్తగా చూసేవాళ్లకు ఇదే కష్టం. గుంపు మధ్యలో ఏం జరిగిందో టీవీలో దొరకదు, పాత వీడియోల మసకలో అసలు దొరకదు. ఇతనితో మొదలుపెట్టమని అందుకే చెప్పను. పదో ఆట చూశాక ఇతని దగ్గరికి రండి, అప్పుడు రుచి తెలుస్తుంది.

రే లూయిస్: మధ్యలో నిలబడి అందరినీ నడిపినవాడు

1996లో బాల్టిమోర్ రేవెన్స్ అన్న జట్టు పుట్టిన ఏడాదే, 26వ పిలుపులో వచ్చాడు. 17 ఏళ్లు అదే జట్టు, అదే 52 నంబరు. మిడిల్ లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్ తరఫు క్వార్టర్‌బ్యాక్ అనుకోండి. ఎదుటివాళ్లు నిలబడ్డ తీరు చూసి, వచ్చే ఆట ఏమిటో ఊహించి, మిగతా పదిమందిని అరిచి సర్దుతాడు. వికెట్ల వెనక ధోనీ చేసిన పని లాంటిది, కాకపోతే ఇతను పక్కాగా వెళ్లి గుద్దుతాడు కూడా.

2000 సీజన్ చూడండి. జట్టు ఆఫెన్స్ వరుసగా 5 ఆటలు ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) కూడా చేయలేదు. అయినా అందులో 2 గెలిచారు. 16 ఆటల్లో డిఫెన్స్ ఇచ్చింది 165 పాయింట్లు, 16 ఆటల సీజన్‌కు అదే రికార్డు. సూపర్ బౌల్‌లో జెయింట్స్‌ను 34–7తో ఓడించారు, ఆ 7 కూడా కిక్ తిరిగి తెచ్చిన పరుగు వల్ల వచ్చినవి, డిఫెన్స్ ఇచ్చినవి కావు. ఆటలో ఉత్తముడు లూయిస్. డిఫెన్స్ ఒక్కటే కప్పు తెస్తుందా అని ఎవరైనా వాదిస్తే ఈ సీజన్ వాళ్ల ముందు పెట్టండి.

అయితే ఆ సీజన్‌కు ముందు 2000 జనవరి చివర, అట్లాంటాలో సూపర్ బౌల్ రాత్రి జరిగిన గొడవలో ఇద్దరు యువకులు కత్తిపోట్లతో చనిపోయారు. లూయిస్ మీద మొదట హత్య ఆరోపణ పెట్టారు. సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాక అది తీసేశారు. దర్యాప్తుకు అడ్డుపడ్డానన్న చిన్న నేరం ఒప్పుకుని ఏడాది ప్రొబేషన్, లీగ్‌కు 2,50,000 డాలర్ల జరిమానా. అతని వెంట ఉన్న ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రెండు కుటుంబాలకు ఎవరు చంపారన్నది కోర్టులో తేలలేదు. బాల్టిమోర్‌లో స్టేడియం బయట అతని విగ్రహం ఉంది.

డియాన్ శాండర్స్: రానివ్వకపోవడమే ఆట

పదిహేను నిమిషాలే ఉన్నాయి, బోర్ కొట్టకూడదు అంటే ఇతనే. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోకు ఒక్క సీజన్ ఆడి 6 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు, వాటిలో 3 నేరుగా టచ్‌డౌన్లు. ఉత్తమ డిఫెండర్, సూపర్ బౌల్ రెండూ వచ్చాయి. మరుసటి ఏడాది డల్లస్ కౌబాయ్స్ 7 ఏళ్లకు 35 మిలియన్ల ఒప్పందంతో తీసుకుపోయింది, అక్కడా ఆ ఏడే సూపర్ బౌల్. అప్పుడు కౌబాయ్స్ ఆడింది ఇర్వింగ్‌లో. ఇప్పుడు ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో ఏ పార్కుకెళ్లినా తెలుగు వినిపిస్తుంది, ఆ పాత స్టేడియాన్ని మాత్రం 2010లో కూల్చేశారు.

ఇతను బేస్‌బాల్ కూడా పెద్ద లీగ్‌లోనే ఆడాడు. సూపర్ బౌల్, వరల్డ్ సిరీస్ రెండూ ఆడినవాడు ఇతనొక్కడే. గుద్దడం మాత్రం పెద్దగా ఇష్టం లేదు, దాన్ని దాచుకోనూ లేదు. మైదానంలో సగాన్ని అవతలి క్వార్టర్‌బ్యాక్ మర్చిపోయేలా చేయడం ఇతని గొప్పతనం. కానీ జరగని పాస్‌ను వీడియోలో ఎలా చూపిస్తారు? హైలైట్స్‌లో కనిపించేది పరుగులూ డ్యాన్సులే. అందుకే చూడటానికి సులువు, అర్థం కావడానికి కష్టం.

మీరు ఎవరైతే ఎవరు

ఆదివారం ఆట అర్థమై సోమవారం ఒక్క మాటైనా కలపాలనుకుంటే టేలర్. రెండో ఆలోచన వద్దు. అతని కెరీర్ చదివాక మీ కళ్లు బంతిని వదిలి లెఫ్ట్ టాకిల్ మీదికి పోతాయి, అక్కడినుంచి ఆట దానంతటదే విడిపోతుంది.

హైస్కూల్‌లో ఫుట్‌బాల్ ఆడతానని పట్టుబట్టే కొడుకున్న తల్లిదండ్రులైతే వైట్‌తో మొదలుపెట్టి, గ్రీన్‌కు వెళ్లండి. చెయ్యి ఎక్కడ వెయ్యాలి, కాలు ఎలా పెట్టాలి అన్నది పిల్లలు వైట్ వీడియోల్లో నేర్చుకోగలరు. ఇంట్లో అమ్మకు దెబ్బల గురించి టెన్షన్ ఉంటే థైస్‌మన్ వీడియో మాత్రం చూపించకండి, నాన్న మాటకు ఆ తర్వాత విలువ ఉండదు.

టీమ్ నడిపే ఉద్యోగంలో ఉండి, ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారు అన్నది చూడటం ఇష్టమైనవాళ్లకు లూయిస్. అతని మైకు పెట్టిన వీడియోలు బోలెడున్నాయి, శబ్దం పెంచుకుని చూడండి. ఓడే జట్టు ఎలా లేస్తుందన్న కథ కావాలంటే గ్రీన్. అంకెల పిచ్చి ఉన్న క్రికెట్ స్కోరర్లకు వైట్ ఫిలడెల్ఫియా సంవత్సరాలు పండగ.

టేలరా వైటా అన్న దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఒక్క మాట. ఆటలో టేలర్ ముందు, అంగుళం తేడాతో. ఉత్తమ రోజున టేలర్‌ను ఆపడానికి కోచ్‌లు తమ ప్లాను బొమ్మలే మార్చి గీసుకోవాల్సి వచ్చింది. వైట్‌కు ఇద్దరిని పెట్టి సరిపెట్టుకున్నారు, అది కూడా సరిపోలేదనుకోండి. ఏళ్ల తరబడి నిలకడలో వైట్ ముందు, అందులో అంగుళం కాదు, గజం తేడా. టేలర్ చివరి మూడు సీజన్లు మొదటి పదితో పోలిస్తే నీడలాంటివి.

జెర్సీ విషయానికొస్తే, కొనే ముందు నంబరు వెనకున్న మనిషి గురించి పిల్లలకు చెప్పగలమా అని చూసుకోండి. 56 నేను కొనలేదు. 92 గానీ 75 గానీ తీసుకుందామని నెల రోజులు నచ్చజెప్పాను, వీడియోలు చూపించాను, 1993 కేసు గురించి అన్నం తింటుంటే కూడా చెప్పాను. మావాడు అంతా విని, డ్యాన్స్ చేసేవాడిది కావాలని 21 తెచ్చుకున్నాడు.